టెంకాయ, టెంకాయనూనె, మన ఆరోగ్యము

ధనుర్మాసపు చలికి మదనపల్లె ప్రాంతమున టెంకాయనూనె సీసాలో తెల్లగా గడ్డకట్టుట అందఱును చూచినదే. మా వసతిగృహమున నొక బాలుడు దానిని చూచి, “అయ్యా, అంగడివాడు దీనిలో ఏదో కలిపినాడు” అని మొఱపెట్టుకొనెను. అంగడివాడు నిర్దోషి. సుమారు 24 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమికి దిగువను ఆ నూనె స్వభావసిద్ధముగనే గడ్డకట్టును. చెనిక్కాయనూనె ఆ చలియందును ద్రవముగనే యుండును. ఈ భేదమునకు గల కారణమును గ్రహించినచో, టెంకాయనూనెను గూర్చి నేడు వినవచ్చు పొగడ్తలలో ఏది సత్యమో, ఏది అతిశయమో తెలిసికొనుట సులభము. కావున నా బాలుని ప్రశ్నకు ప్రత్యుత్తరముగా నీ చిన్న వ్యాసమును వ్రాయుచున్నాము.

మన చిత్తూరుసీమ కోనసీమవలె టెంకాయతోపులకు పేరుగన్నది కాదు. చెనిక్కాయ పండు మెట్టనేల. చాలకాలముగా మన వంటలకు చెనిక్కాయనూనెయే వాడుక. టెంకాయ మనకు పూజకును, పచ్చడికిని, దాని నూనె తలకును ఉపయోగపడుచున్నవి. తిరుమలలో అఖిలాండమువద్ద యాత్రికులు కొట్టు కాయలను చూడనివారు మనలో అరుదు. ఇప్పుడో, ఉదయమున నొక చెంచాడు టెంకాయనూనె త్రాగినచో సకలరోగములును నశించునను మాట ఇంటింటను వ్యాపించినది. కొందఱు తల్లిదండ్రులు మెట్టలలో పండిన చెనిక్కాయలను అమ్మి, ఈ నూనెను కొని బిడ్డలచే త్రాగించుచున్నారు.

మొదట కాయను చూతము. నూఱు గ్రాముల పచ్చికొబ్బరియందు సుమారు 33 గ్రాముల క్రొవ్వు, 9 గ్రాముల పీచు, 3 గ్రాముల మాంసకృత్తులు గలవు. పీచు మలబద్ధకమును పోగొట్టును. ఇడ్లీకిని దోసెకును తగినంత పచ్చడిగా తినుటలో హాని లేదు. ఎదుగుచున్న బాలురకు బలమే. నూనె తీసినప్పుడు మాత్రము పీచును, మాంసకృత్తులును పిండియందే నిలిచిపోవును. సీసాలోనికి వచ్చునది కేవలము క్రొవ్వు. కాబట్టి కాయకు గల గుణములన్నియు నూనెకును గలవనుట పొరపాటు.

క్రొవ్వునందలి ఆమ్లములు కర్బన పరమాణువుల గొలుసులు. వీనిలో కొన్ని తిన్ననివి, వీనిని సంతృప్తములందురు. కొన్ని నడుమ వంపుగలవి, ఇవి అసంతృప్తములు. తిన్నని కట్టెలు మోపుగా బిగిసి కూర్చుండును. వంకరకట్టెలు అట్లు కుదురవు. టెంకాయనూనెలో దాదాపు నూటికి 90 పాళ్లు సంతృప్తములు. అందు సుమారు సగము లారికామ్లమనునది. చెనిక్కాయనూనెలో సంతృప్తములు అయిదవవంతు మాత్రమే. చలికి ఒకటి గడ్డకట్టుటకును, మఱియొకటి కట్టకుండుటకును ఇదియే కారణము.

గుండెకు సంబంధించిన విచారమును ఇచ్చటనే పుట్టుచున్నది. సంతృప్తములు మితిమీరినచో రక్తమునందు చెడు కొలెస్టరాలు పెరుగును. 2020వ సంవత్సరమున అనేక పరీక్షల ఫలితములను కలిపి చూడగా, టెంకాయనూనె తిన్నవారికి ఇతర శాకనూనెలు తిన్నవారికంటె ఈ చెడు కొలెస్టరాలు డెసిలీటరునకు సుమారు 10 మిల్లీగ్రాములు ఎక్కువగా కనబడెను. మంచి కొలెస్టరాలు సయితము కొంత హెచ్చెను గాని, అందువలన గుండెకు రక్షణ కలుగునని ఋజువు కాలేదు. దినమునకు 2,000 కేలరీలు భుజించువానికి సంతృప్తముల ద్వారా 200 కేలరీలకు, అనగా సుమారు 22 గ్రాములకు, మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ మతము. ఒక పెద్దచెంచాడు టెంకాయనూనెలోనే సుమారు 11 గ్రాములున్నవి. రెండు చెంచాలతో దినపు హద్దు ముగిసినది; ఇక పాలకును నేతికిని చోటెక్కడ? విద్యార్థులారా, ఈ లెక్కను మీరే కట్టి ఇంటివారికి చూపుడు.

“కేరళీయుల పూర్వులు దీనినే తినలేదా?” యని యడుగువారున్నారు. తినిరి, కాని వారు చెంచాతో నూనె త్రాగలేదు. కొబ్బరిని కూరలతోను చేపలతోను తినుచు, కాయకష్టము చేసిరి.

తలకు రాచుకొనుట విషయమున మన అవ్వల మాట నిజమే. లారికామ్లపు గొలుసు పొట్టిది, తిన్ననిది యగుటచే వెండ్రుక లోనికి చొరగలదు. తలస్నానమునకు ముందు రాచినచో వెండ్రుకనుండి మాంసకృత్తులు పోవుట తగ్గునని 2003లో ప్రకటింపబడిన పరిశోధన చూపినది. పొడిబారిన చర్మమునకును ఇది మేలు.

ఇక టెంకాయనీళ్లు. ఎండలో అలసినవారికి ఇంతకంటె మంచి పానీయము దుర్లభము. అయినను ఒక వేసవియందు విరేచనములతో నీరసించిన విద్యార్థికి, స్నేహితులు దయతో దినమంతయు ఈ నీళ్లనే త్రాగించిరి. సాయంకాలమునకు వాడు మఱింత సోలిపోయెను. విరేచనములచే శరీరము పోగొట్టుకొనునది నీరుమాత్రమే కాదు, ఉప్పును. టెంకాయనీళ్లలో పొటాషియము మెండు, సోడియము కొఱత. అట్టివేళ లీటరు నీటిలో కలుపదగిన ఓ.ఆర్.ఎస్. పొడియే సరియైన మందు. 1971లో బంగ్లాదేశపు శరణార్థుల శిబిరమున డాక్టరు దిలీప్ మహలనాబిస్ గారు ఇట్టి ద్రావణముతోనే అనేకుల ప్రాణములను నిలిపిరి. మా విద్యార్థియు వైద్యుని సలహాపై దానిని త్రాగి కోలుకొనెను. మూత్రపిండములు చెడినవారు పొటాషియమును విసర్జింపజాలరు గనుక వైద్యుని అడుగక టెంకాయనీళ్లు త్రాగరాదు. ఇంట అట్టి పెద్దలున్నచో ఈ మాటను మఱువకుడు.

టెంకాయ మంచిదే; సర్వరోగనివారిణి మాత్రము కాదు. పచ్చడికి కొబ్బరిని, తలకు దాని నూనెను, ఎండవేళ నీళ్లను వాడుకొందము. వంటకు మన చెనిక్కాయనూనెను మితముగా వాడుచు, నడుమ నడుమ నువ్వులనూనె మొదలగువానిని మార్చుకొనుట మేలు. సీసాలో నూనె గడ్డకట్టినప్పుడు అంగడివానిని నిందింపక, దానిని కొంచెము ఎండలో నుంచుడు, మరల కరగును.