పెద్దల ఇంటికి సొమ్మెవరిది?

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. ఆ పెద్దలకే ఇల్లు కట్టవలసివస్తే సొమ్మెవరిది?

అమెరికాలో 1959 నాటి గృహనిర్మాణ చట్టం ఇందుకొక దారి చూపింది. అందులోని 202వ సెక్షను క్రింద, వృద్ధులకు అపార్టుమెంటు మేడలు కట్టే లాభాపేక్ష లేని సంఘాలకు ప్రభుత్వమే తక్కువ వడ్డీకి అప్పిచ్చేది. కాని అప్పు తీరాలంటే అద్దె రావాలి. అద్దె పెరిగితే బీదవారు గడప తొక్కలేరు. పోనుపోను అద్దెకు సాయం తోడైంది. 1990లో పద్ధతినే మార్చారు. అప్పటినుంచి ఇచ్చే పెట్టుబడికి వడ్డీ లేదు. 40 ఏళ్ళు బీద వృద్ధులకే ఇళ్ళిచ్చినచో అసలు కూడ తీర్చనక్కరలేదు.

62 ఏళ్ళు నిండిన స్వల్పాదాయపరులే అర్హులు. లెక్కకు వచ్చే ఆదాయంలో నూటికి 30 వంతులు అద్దె. నెలకు 1,000 డాలర్ల అవ్వ 300 ఇస్తుంది. ఆమె వాటా నిర్వహణకు 700 అవుతుందనుకుంటే, తక్కిన 400 ప్రభుత్వం భరిస్తుంది. కీలకమంతా ఇక్కడే ఉన్నది: కట్టుబడి ఒక్కసారి, ఖర్చు నెలనెలా.

లోపం లేకపోలేదు. 2012 నుండి కొన్నేళ్ళు కొత్త మేడలకు సొమ్ము కేటాయించలేదు.

మన దేశంలో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణకై 2007లో వచ్చిన చట్టం, జిల్లాకొకటి చొప్పున, కనీసం 150 మంది నిరుపేదలకు చాలే వృద్ధాశ్రమాలను రాష్ట్రాలు నెలకొల్పవచ్చునంటుంది. కాని ఆశ్రమం వేరు; తన తాళంచెవి, తన పొయ్యి గల చిన్న వాటా వేరు.

సత్రాలు, కల్యాణమండపాలు కట్టిన సంఘాలు మనలో ఉన్నవి. ఇటువంటి మేడ తలపెట్టిననాడు, పునాదిరాయికి చందా ఎంతని గాక, ముప్పయ్యవ ఏట లిఫ్టు బాగుచేయుటకు సొమ్మెక్కడిదని ముందుగా అడగాలి.