2017 డీజిలా, 2020 పెట్రోలా?

పోయిన వారం మా కాలేజీ జూనియర్ ఒకడు ఫోన్ చేశాడు. హైదరాబాద్ శివారులో సైట్ ఇంజినీర్‌గా ఆఫర్ లెటర్ వచ్చింది. సైటుకు బస్సు లేదు, సొంత బండి ఉండాలన్నారట. ‘అన్నా, సెకండ్ హ్యాండ్‌లో రెండు బ్రెజాలు చూశా. 2017 డీజిల్ ఒకటి, 2020 పెట్రోల్ ఒకటి. పాతది లక్షన్నర తక్కువ. మైలేజీ కూడా ఎక్కువే కదా, అదే తీసుకోనా?’ అన్నాడు. బైక్ చాలదా అని నేనూ అడిగాను. మట్టి రోడ్డు, వానాకాలం, వెంట సర్వే సామాన్లు అన్నాడు. సరే, ఒప్పుకున్నా.

క్యాంపస్ నుంచి ఉద్యోగంలోకి వెళ్లే మీలో చాలామందికి ఇదే ప్రశ్న ఎదురవుతుంది. ముందు ఒక సంగతి. మూడేళ్ల తేడా అంటే మూడేళ్ల అరుగుదల ఒక్కటే కాదు. విటారా బ్రెజా 2016లో వచ్చినప్పుడు 1.3 లీటర్ డీజిల్ ఇంజిన్ ఒక్కటే ఉండేది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 నిబంధనలు అమల్లోకి రావడంతో డీజిల్ ఆగిపోయి 1.5 లీటర్ పెట్రోల్ వచ్చింది. అంటే మా వాడి ముందున్నవి పేరు ఒకటే అయినా గుండెకాయలు వేరైన రెండు బండ్లు.

ఇక లెక్క. కాగితం మీద మైలేజీ డీజిల్‌కు 24, పెట్రోల్‌కు 17 అని ఉంటుంది. రోడ్డు మీద 18, 13 అనుకోండి. సైటుకు రానూపోనూ 40 కిలోమీటర్లు, నెలకు 25 రోజులంటే వెయ్యి కిలోమీటర్లు. లీటరు పెట్రోల్ 107, డీజిల్ 95 చొప్పున చూస్తే డీజిల్ బండికి నెలకు దాదాపు 3 వేలు మిగులుతుంది. చిన్న మొత్తమేం కాదు. కానీ మావాడు ప్రొబేషన్ అయ్యాక సైట్ దగ్గరే రూమ్ తీసుకుంటాడట. అప్పుడు నెలకు 400 కిలోమీటర్లు దాటదు, మిగిలేది 1,200. ఇంజెక్టర్లో, టర్బోనో ఒక్కసారి మొరాయిస్తే ఏడాదంతా మిగిల్చింది ఒక్క బిల్లుకే పోతుంది. అందుకే బండి చూడక ముందు మీ రన్నింగ్ ఎంతో రాసుకోండి.

భద్రత దగ్గర తయారైన సంవత్సరం ఇంకా ముఖ్యం. మన దగ్గర అన్ని కార్లకూ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచి. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, సీట్‌బెల్ట్ రిమైండర్, వెనక పార్కింగ్ సెన్సర్లు అదే ఏడాది జులై నుంచి. అంతకు ముందు బండ్లలో కింది వేరియంట్లకు ఏమున్నాయో, ఏం లేవో ఒక్కొక్కటీ అడిగి తెలుసుకోవాల్సిందే. 2018లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఈ కారుకు 4 స్టార్లు వచ్చాయని అమ్మేవాళ్లు చెప్తారు. నిజమే, కానీ పరీక్షించింది రెండు ఎయిర్‌బ్యాగ్‌లు, ఏబీఎస్ ఉన్న బండిని. మీకు చూపిస్తున్న బండిలో అవి ఉన్నాయా?

నన్నడిగితే రన్నింగ్ నిజంగా ఎక్కువున్నవాళ్లు 2019 జులై తర్వాత తయారైన డీజిల్ బండి కోసం వెతకాలి. ఓపిక పడితే దొరుకుతుంది. మా వాడికి మాత్రం 2020 పెట్రోలే నయమన్నాను.

లోన్ సంగతి కూడా ఉంది. చాలా బ్యాంకులు కారు వయసు, లోన్ కాలం కలిపి చూస్తాయి. బండి పాతదైన కొద్దీ వాయిదాల గడువు తగ్గుతుంది, ఈఎంఐ పెరుగుతుంది. ధర తక్కువ కదా అని పాతది తీసుకుంటే నెల నెలా కట్టేది ఎక్కువైనా కావొచ్చు. పైగా రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే. 2017 బండికి అది 2032తో ముగుస్తుంది. తర్వాత ఫిట్‌నెస్, రెన్యువల్ అంటూ ఆర్టీఏ ఆఫీసు చుట్టూ తిరగాలి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రీడింగ్ 48 వేలు చూసి మురిసిపోయి ఒక డీజిల్ బండి కొన్నాను. ఏ కంపెనీది అన్నది ఇక్కడ అనవసరం. మూడు నెలల్లో క్లచ్ పోయింది. సర్వీస్ సెంటర్‌లో బండి నంబర్ కొట్టి హిస్టరీ తీస్తే, రెండేళ్ల కిందటి సర్వీసులోనే 91 వేలు అని ఉంది. మీటర్ వెనక్కి తిప్పారన్నమాట. ఆ హిస్టరీ కొనక ముందు అడిగినా చూపించేవాళ్లే. నాకే తోచలేదు. అమ్మినాయన ఫోన్ మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడైతే మీటర్ కంటే ముందు స్టీరింగ్, బ్రేక్ పెడల్ రబ్బరు, డ్రైవర్ సీటు అంచు చూస్తాను. 40 వేలు తిరిగిన బండి పెడల్ నున్నగా అరిగిపోదు.

‘2020 మోడల్’ అన్న మాటనూ వెంటనే నమ్మకండి. 2019 చివర్లో తయారై 2020లో రిజిస్టరైన బండ్లు ఉంటాయి. ఆర్‌సీలో తయారైన నెల, సంవత్సరం చూడండి. టైరు మీద చివరి నాలుగంకెలు కూడా చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం. బండి 2020ది, టైర్లూ 2020వే అయితే వాటిని మార్చే ఖర్చు ధరలో తగ్గించమనండి. ఆర్‌సీలో హెచ్‌పీ ఉంటే బ్యాంకు ఎన్‌వోసీ చేతికొచ్చాకే డబ్బు ఇవ్వండి. పెండింగ్ చలానాలు ఆన్‌లైన్‌లో మీరే చూసుకోండి. ఇన్సూరెన్స్ మీ పేరుకు మారుతుంది కానీ, పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు.

మా వాడు ఆదివారం మెకానిక్‌ను తీసుకుని వెళ్తున్నాడు. పొద్దున్నే వెళ్లమన్నాను, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ఓనర్‌కు ముందే చెప్పమన్నాను. రాత్రంతా చల్లబడిన ఇంజిన్ మొదటిసారి తిరిగినప్పుడు వచ్చే శబ్దం, సైలెన్సర్ పొగ రంగు అప్పుడైతేనే తెలుస్తాయి.