మీకు తెలుసా? మంచిర్యాల దేవతల కొండ అగ్నిపర్వతం కాదు, నది పేర్చిన రాయి!

మందమర్రి మండలం బొక్కలగుట్ట దగ్గర అడవిలో నిలిచిన ఆ కొండే గాంధారి ఖిల్లా, ఒక ఇసుకరాతి గుట్ట. కోట్ల ఏళ్ల కిందట నదులు మోసుకొచ్చిన ఇసుక పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడితే ఇలాంటి రాయి తయారైంది. చుట్టుపక్కల సింగరేణి గనుల్లో తవ్వుతున్న బొగ్గు కూడా చాలా పాతది. 25 కోట్ల ఏళ్లకు పైగా కిందటి చిత్తడి అడవులే అలా బొగ్గయ్యాయి.

మరి లావా? దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్‌ను ముంచెత్తిన లావా పాత ఆదిలాబాద్ జిల్లా పడమటి భాగం దాకా వచ్చింది. అక్కడి నల్లరేగడి చాలావరకు ఆ రాయి అరిగి ఏర్పడిందే. నేడు మన దేశంలో రగిలే అగ్నిపర్వతాన్ని చూడాలంటే అండమాన్‌లోని బారెన్ దీవికే పోవాలి.

గాంధారి గుట్ట ఎక్కితే రాతిలో చెక్కిన దేవతామూర్తులు, తొలిచిన నీటి గుంటలు కనిపిస్తాయి. మాఘమాసంలో నాయకపోడు గిరిజనులు ఇక్కడ గాంధారి మైసమ్మ జాతర చేస్తారు. ఆ రాళ్ల మీద పేర్లు గీకడం, గుట్ట కింద ప్లాస్టిక్ పారేయడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. దయచేసి ఆ పని చేయకండి.

ఇదే జిల్లాలో జన్నారం వైపు వెళ్తే కవ్వాల్ టేకు అడవి. 1965లో అభయారణ్యమైన ఈ అడవి 2012లో పులుల అభయారణ్యమైంది. పులి తిరిగే చోటు కాబట్టి, అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి నడిచి వెళ్లకూడదు.