ఖడ్గమృగం మీద ఎక్కవచ్చునా?

పిల్లలూ! మనిషి ఎద్దును కాడికి కట్టాడు. గుర్రం మీద ఎక్కాడు. ఏనుగు మీద కూడా ఎక్కాడు. మరి ఖడ్గమృగం మీద ఎక్కవచ్చునా? దానిని మచ్చిక చేయవచ్చునా? ఈ పాఠంలో తెలుసుకొందాం.

ఖడ్గమృగం చాలా పెద్ద జంతువు. భారతదేశంలో ఉండే ఖడ్గమృగానికి ముక్కు మీద ఒకే కొమ్ము ఉంటుంది. ఆఫ్రికాలో ఉండేవాటికి రెండు కొమ్ములు ఉంటాయి. భారతదేశపు మగ ఖడ్గమృగం సుమారు 2,000 కిలోగ్రాముల బరువు ఉంటుంది. దాని చర్మం దళసరిగా, మడతలు మడతలుగా ఉంటుంది. చూస్తే కవచం తొడుక్కొన్నట్లు కనబడుతుంది. అది గడ్డి, ఆకులు తింటుంది. బురదలో పొర్లడం దానికి ఎంతో ఇష్టం.

ఖడ్గమృగానికి చూపు తక్కువ. కాని వాసన, చప్పుడు బాగా పసికడుతుంది. కొత్త వాసన తగిలితే బెదురుతుంది. బెదిరితే పారిపోతుంది, లేదా మీదికి వస్తుంది. అంత బరువు ఉన్నా గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు.

అయితే దానిని మచ్చిక చేసినవారే లేరా? ఉన్నారు. సుమారు 1738లో ఒక ఆడ ఖడ్గమృగం పుట్టింది. వేటగాళ్ళు దాని తల్లిని చంపారు. బెంగాలులో ఉన్న ఒక డచ్చి దొర ఆ పిల్లను తన ఇంట పెంచాడు. అది ఇల్లంతా తిరిగేది. విందు జరిగే గదిలోకి కూడా వచ్చేది. 1741లో ఒక ఓడ కెప్టెను దానిని హాలెండుకు తీసుకొనిపోయాడు. దానికి క్లారా అని పేరు. కెప్టెను దానిని ఐరోపాలో ఊరూరా తిప్పి జనానికి చూపించాడు. క్లారా బండి లాగలేదు. గుర్రాలే బండి లాగేవి. ఆ బండిలో క్లారా ప్రయాణం చేసేది! 1758లో అది లండనులో చనిపోయింది.

చూశారా? క్లారా మచ్చిక అయింది. కాని ఖడ్గమృగం పెంపుడు జంతువు కాలేదు. ఒక్క జంతువు మనిషికి అలవాటు పడితే అది మచ్చిక. ఒక జాతి అంతా తరతరాలుగా మనిషి దగ్గర పుట్టి పెరిగితే అవి పెంపుడు జంతువులు.

మన పూర్వులు ఓడలలో మారిషస్ వచ్చి చెరుకు తోటలలో పని చేశారు. ఆ తోటలలో చెరుకు బండ్లను ఎద్దులు లాగేవి. ఎద్దు పెంపుడు జంతువు. ఒంటె కూడా అంతే. కువైట్ నగరంలో సముద్రపు ఒడ్డున బ్నీద్ అల్ గార్ అనే పేట ఉంది. ఇప్పుడు అక్కడ మేడలు, కార్లు కనిపిస్తాయి. 1938లో ఆ దేశంలో నేలనూనె బయటపడింది. పూర్వం అక్కడి ఎడారి దాటడానికి ఒంటెల మీద ప్రయాణం చేసేవారు.

ఎద్దులు, ఒంటెలు మందగా తిరుగుతాయి. తోటి జంతువుల వెంట నడుస్తాయి. మనిషి వెంట నడవడం కూడా నేర్చుకొంటాయి. ఖడ్గమృగం ఎక్కువగా ఒంటరిగా తిరుగుతుంది. పైగా దాని కోపం ఎప్పుడు వస్తుందో చెప్పలేం. తల్లి సుమారు 16 నెలలు మోసి ఒక్క పిల్లనే కంటుంది. అందుకే దాని మీద స్వారీ చేయడం మనిషికీ మంచిది కాదు, దానికీ మంచిది కాదు.

మనిషి వల్ల ఖడ్గమృగానికి పెద్ద ఆపద కలిగింది. కొమ్ము మందుకు పనికివస్తుందని నమ్మి కొందరు దానిని చంపుతున్నారు. నిజానికి మన గోళ్ళు ఏ పదార్థంతో అయ్యాయో ఆ కొమ్ము కూడా దానితోనే అయింది. మన గోరు మందు అవుతుందా? కొమ్ము కూడా కాదు.

అస్సాంలో కాజీరంగా అనే అడవి ఉంది. 2022లో లెక్కించినప్పుడు అక్కడ 2,613 ఖడ్గమృగాలు ఉన్నాయి. వానాకాలంలో బ్రహ్మపుత్రకు వరద వస్తుంది. కొన్ని పిల్లలు తల్లులకు దూరమవుతాయి. కాపలావారు వాటిని కాపాడుతారు. సీసాతో పాలు పట్టి పెంచుతారు. అవి పెద్దవైన తరువాత ఏం చేస్తారో తెలుసా? మళ్ళీ అడవిలో వదిలిపెడతారు.

పిల్లలూ! ప్రేమ ఉంటే జంతువును కట్టివేయాలని లేదు. కొన్నిటిని ఇంట పెంచాలి. కొన్నిటిని అడవిలో బతకనివ్వాలి.

ప్రశ్నలు

1. ఖడ్గమృగం ఎందుకు బెదురుతుంది?
2. క్లారా కథ మీ మాటలలో చెప్పండి.
3. మచ్చికకు, పెంపకానికి తేడా ఏమిటి?
4. కాజీరంగాలో తల్లికి దూరమైన పిల్లలను ఎలా కాపాడుతారు?