సబ్బు చేతికందే చోట

2011లో చిత్తూరు జిల్లాలోని కొన్ని పల్లెల్లో ఒక బొమ్మల సినిమా చూపించారు, చిన్న నాటికలు ఆడారు. వాటిలో సూపర్ అమ్మ అని ఒక తల్లి ఉంటుంది. పల్లెటూరి మనిషి, కొడుక్కి మంచీ మర్యాదా ఓపిగ్గా నేర్పుకుంటుంది. ఆమెకు పూర్తిగా ఎదురు లడ్డు లింగం. చేతులు కడుక్కోవడమంటే ఎరగడు, ఆ మురికి చేతులతోనే లడ్డూలు చుడతాడు. చూసేవాళ్లకు నవ్వూ రోతా ఒక్కసారే రావాలని మలిచిన పాత్ర అది. ఊళ్లోని ఆడవాళ్లు నలుగురి ముందూ నిలబడి, ఇకమీదట సబ్బుతో చేతులు కడుక్కుంటామని మాట ఇచ్చారు.

క్రిములు, జబ్బులు అంటూ పాఠం చెప్పే పనిని మాత్రం కావాలనే పక్కన పెట్టారు. ఆ మాట తల్లులు అంగన్‌వాడీలో విన్నారు, టీవీలో విన్నారు, బడి నుంచి వచ్చిన పిల్లల నోటా విన్నారు. విన్నా, సబ్బు చేతి మీదికి రావడం లేదు. అందుకే ఈసారి తల్లి మమకారాన్నీ, మురికి అంటే మనిషికి పుట్టే ఏవగింపునూ కదిలించి చూద్దామనుకున్నారు.

ఇది లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్, బెంగళూరు సెయింట్ జాన్స్ పరిశోధన సంస్థ కలిసి చేసిన అధ్యయనం. చేతులు కడుక్కుంటారా అని అడిగితే ఎవరైనా ఔననే అంటారు. కాబట్టి పరిశీలకులు ఇళ్లలో కూర్చుని కళ్లారా చూసి లెక్కపెట్టారు. మరుగుకు వెళ్లొచ్చాక, పిల్లలకు కడిగాక, వంటకు ముందు, తినే ముందు... ఈ నాలుగు వేళల్లో సబ్బు వాడింది మొదట్లో నూటికి ఒకటి రెండు సార్లే. ప్రచారం జరిగిన ఏడు ఊళ్లలో ఆరు నెలలకు అది 37కి చేరింది. జరగని ఏడు ఊళ్లలో 6 దగ్గరే ఉండిపోయింది. తర్వాత ఆ ఊళ్లకూ ప్రచారాన్ని కుదించి తీసుకెళ్లారు. ఏడాది తిరిగేసరికి రెండు వైపులా 29.

పిల్లాడికి విరేచనాలు పట్టుకుంటే ‘తల్లికి అవగాహన లేదు’ అనే మాట చాలా సులువుగా వచ్చేస్తుంది. ఆ తల్లి పొద్దుటి పూట ఎలా గడుస్తుందో చూసినవాళ్లు ఆ మాట అనడానికి కాస్త ఆగుతారు. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటుంది, చంకలో చంటిది ఏడుస్తుంటుంది. సబ్బు పెరటి అవతల స్నానాల గది గూట్లో ఉంటుంది. నీళ్లు బిందెలో ఉంటాయి, చెంబుతో ముంచి పోసుకోవడానికి ఇంకో చేయి లేదు. అలాంటప్పుడు నీళ్లతో చేయి ఒకసారి తడిపి, కొంగుకు తుడుచుకుని అన్నం కలుపుతుంది. కానీ క్రిములు చర్మం మీది జిడ్డును అంటిపెట్టుకుని ఉంటాయి. ఆ జిడ్డు సబ్బుతో వదిలినంతగా ఉత్త నీళ్లతో వదలదు.

కరాచీ మురికివాడల్లో ఇళ్లకు సబ్బు ఇచ్చి, కార్యకర్తలు వారం వారం వెళ్లి ప్రోత్సహించిన అధ్యయనం ఒకటి 2005లో లాన్సెట్‌లో వచ్చింది. ఆ ఇళ్లలో 15 ఏళ్లలోపు పిల్లలకు విరేచనాలు 53 శాతం తగ్గాయి. చేతులు కడగడంతో అయిదేళ్లలోపు పిల్లల్లో న్యుమోనియా కూడా సగానికి పడిపోయింది. బంగ్లాదేశ్ పల్లెల్లో వంటింటి దగ్గరొకటి, మరుగుదొడ్డి దగ్గరొకటి నీళ్ల తొట్టెలు పెట్టించి, సబ్బునీళ్ల సీసాలు ఇచ్చిన చోటా విరేచనాలు తగ్గాయి. అలాంటి పద్ధతినే కెన్యాలో ప్రయత్నిస్తే తగ్గలేదు. మలం నుంచి క్రిములు బిడ్డ నోటికి చేరే దారులు వేళ్లు, ఈగలు, నీళ్లు, నేల, తిండి. ఒక దారి మూసినా మిగతావి తెరిచే ఉండొచ్చు. ఊరికొచ్చే నీళ్లు, ఊరి మురుగు ఒక్క తల్లి చేతిలో లేవు.

విరేచనాలు తెచ్చే రోటా వైరస్ సంగతి మరీ ప్రత్యేకం. శుభ్రంగా ఉండే ఇళ్లలోనూ అది పిల్లలను వదలదు. దానికి చుక్కల మందు టీకా ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో పుట్టిన పసివాళ్లలో దొరికిన వైరస్ రకంతో హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్ అలాంటిదే. 2016లో ప్రభుత్వం దీన్ని ఉచిత టీకాల్లో చేర్చినప్పుడు మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 6, 10, 14 వారాల వయసులో వేస్తారు.

తల్లులకు తెలియనిది అసలేమీ లేదని చెప్పలేం. తప్పుగా తెలిసినవీ ఉన్నాయి, వాటిని తల్లి సొంతంగా కనిపెట్టలేదు. ఇంట్లో పెద్దలు చెప్పారు, నమ్మింది. ‘పళ్లొస్తున్నాయి, అందుకే నీళ్లగా వెళ్తున్నాడు’ అన్నది అందులో మొదటిది. ఆరో నెల దాటాక పళ్లు రావడం నిజమే. అదే వయసులో తల్లిపాలకు తోడు పైతిండి మొదలవుతుంది. బిడ్డ పాకుతాడు, నేల మీద దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటాడు. విరేచనాలు ఎక్కువగా పట్టుకునేది కూడా ఆరు నుంచి పదకొండు నెలల మధ్యనే. ఒకే కాలంలో జరిగినందుకు నింద పళ్ల మీద పడింది. పళ్ల వల్లే అనుకున్న ఇంట్లో వైద్యం ఆలస్యమవుతుంది, అదీ ప్రమాదం.

రెండోది, పసివాడి మలానికి దోషం లేదన్న నమ్మకం. పాలు తాగే బిడ్డదని పెరట్లో పారేస్తారు, పిల్లాడికి కడిగాక చేతిని ఉత్త నీళ్లతో కడిగి సరిపెడతారు. నిజానికి పసివాళ్ల మలంలోనూ పెద్దల మలంలో ఉన్నట్టే క్రిములుంటాయి. దాన్ని మరుగుదొడ్డిలోనే వేయాలి.

అన్నిటికన్నా ప్రాణం మీదికి తెచ్చేది ‘నీళ్లు తాగిస్తే ఇంకా వెళ్తాడు’ అన్న మాట. విరేచనాలతో బిడ్డ ఒంట్లో నీరూ ఉప్పూ పోతున్నాయి, పోయినవి తిరిగి ఇవ్వకపోతేనే ప్రాణాపాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన ఏటా సుమారు 4.4 లక్షల మంది అయిదేళ్లలోపు పిల్లలు విరేచనాలతో చనిపోతున్నారు. జబ్బు పడిన పేగు కూడా గ్లూకోజుతో కలిసి వచ్చిన ఉప్పును లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీరూ వెళ్తుంది. ఆ రెండూ కలిసిన ఓఆర్ఎస్ పొడి పనిచేసేది ఇలాగే. పెద్ద ప్యాకెట్ మొత్తాన్ని ఒక లీటరు తాగునీటిలో ఒకేసారి కలపాలి. గ్లాసుడు నీళ్లలో కాస్త పొడి చొప్పున వేస్తే పాళ్లు తప్పుతాయి. కలిపింది 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపాలి. రెండేళ్లలోపు పిల్లలకు నీళ్ల విరేచనం అయిన ప్రతిసారీ పావు కప్పు నుంచి అర కప్పు వరకు, చెంచాతో మెల్లగా పట్టించాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. తల్లిపాలు ఆపకూడదు, తినగలిగితే తిండీ ఆపకూడదు. డాక్టరు ఇచ్చే జింక్ మాత్రలు విరేచనాలు ఆగిపోయినా 14 రోజులూ వేయాలి. బిడ్డ తాగలేకపోయినా, మత్తుగా పడి ఉన్నా, కళ్లు లోతుకు పోయినా, మలంలో రక్తం కనిపించినా ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో విరేచనాలు పట్టిన పిల్లల్లో ఓఆర్ఎస్ అందింది 60.6 శాతానికి, జింక్ అందింది 30.5 శాతానికి. దుకాణాల్లో ఓఆర్ఎస్ అని పేరు రాసి అమ్మిన తీపి పానీయాలు తల్లులను మరింత తికమక పెట్టాయి. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాలకు ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. చదువుకున్న తల్లి కూడా డబ్బా మీది అక్షరాలనే కదా నమ్మేది!

తెలియడానికీ చేయడానికీ మధ్య ఎంత దూరముందో బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థకు బాగా అనుభవమైంది. 1980 నుంచి పదేళ్లలో దాని కార్యకర్తలు కోటి ఇరవై లక్షలకు పైగా ఇళ్లకు వెళ్లి, చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర సేరు నీళ్లు కలపడం తల్లులకు నేర్పారు. తల్లికి ఎంత గుర్తుందో తర్వాత ఇంకొకరు వెళ్లి చూసి, దాన్నిబట్టే నేర్పినవాళ్లకు జీతం కట్టేవారు. తల్లులకు అంతా కంఠతా వచ్చింది. కానీ బిడ్డకు విరేచనాలు పట్టినప్పుడు కలిపి ఇచ్చినవాళ్లు మొదట్లో చాలా కొద్దిమందే. ఆరా తీస్తే నేర్పిన కార్యకర్తలకే దాని మీద గురి లేదని బయటపడింది. వాళ్లకు మళ్లీ శిక్షణ ఇచ్చి, అది ఒంట్లో ఎలా పనిచేస్తుందో వివరించారు. తమకెవరూ ఏమీ చెప్పలేదని ఊళ్లో మగవాళ్లు దూరంగా ఉండిపోయారని కూడా అప్పుడే తెలిసింది. ఆ తర్వాత సంతల్లో, మసీదుల దగ్గర తండ్రులనూ తాతలనూ కూర్చోబెట్టి ఆ చిటికెడు ఉప్పు కథ వాళ్లకూ చెప్పడం మొదలుపెట్టారు.