పేడదిబ్బ మీద మొలిచిన గడ్డి

ఈవేళ మీతో పేడ గురించి మాట్లాడబోతున్నాను. నవ్వకండి! అక్షరం ముక్క రాసిపెట్టని వాళ్ళ సంసారాలను తెలుసుకోవడానికి పురాతత్వవేత్తలకు ఆ పేడే ఆధారమైంది.

ఆఫ్రికా దక్షిణ భాగంలో బోట్స్వానా అనే దేశముంది. దాని తూర్పు వైపున టౌట్స్వేమొగాల అని చదునైన గుట్ట ఒకటి. సుమారు క్రీ.శ. 700 నుంచి 1300 దాకా ఆ గుట్ట మీదా, చుట్టుపక్కలా జొన్న, సజ్జ పండించుకుంటూ, ఆవుల్నీ మేకల్నీ గొర్రెల్నీ మేపుకునే జనం ఉండేవారు. మట్టితో, కర్రలతో కట్టుకున్న వాళ్ళ ఇళ్ళు ఎప్పుడో నేలమట్టమైపోయాయి. మరి ఊళ్ళు ఎక్కడున్నాయో కనుక్కునేదెలా?

1970లలో జేమ్స్ డెన్‌బో అనే పరిశోధకుడు విమానం మీంచి తీసిన ఫోటోలు చూస్తుంటే, పొదల మధ్య అక్కడక్కడా లేతరంగు మచ్చలు కనిపించాయట. వెళ్ళి చూస్తే అక్కడ చెట్లు లేవు, ఒకే రకం గడ్డి దట్టంగా పెరిగి ఉంది. మన రైతులు పశుగ్రాసంగా వేసే అంజన్ గడ్డే అది. దాని కింద తవ్వితే ఒకనాటి పశువుల దొడ్డి! వందల ఏళ్ళు గడిచినా ఆ నేలలో ఎరువు సారం పోలేదన్నమాట. దొడ్డి ఎంత పెద్దదో, పేడ ఎంత మందాన పేరుకుందో చూసి, ఏది చిన్న పల్లె, ఏది పెద్ద ఊరు అని అంచనా కట్టారు.

కొన్నిచోట్ల ఆ పేడ బాగా కాలి, కరిగి, గాజుపెంకులా గట్టిపడి ఉంది. గడ్డిలో సన్నని ఇసుకలాంటి పదార్థం ఉంటుంది, పెద్ద వేడికి అదే కరుగుతుంది. ఇలాంటి వింత మన దగ్గరా ఉందండోయ్. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో ఉన్న బూడిద దిబ్బను 1957లో ఆల్చిన్ తవ్వించినప్పుడు, నాలుగు వేల ఏళ్ళ కిందటి పశువుల గిట్టల ముద్రలు బయటపడ్డాయి. అయితే వాళ్ళకూ వీళ్ళకూ చుట్టరికమేమీ లేదు, కాలాలే వేరు.

ఇక ఎముకలు. బోట్స్వానా సరిహద్దు దాటితే, దక్షిణాఫ్రికాలో మపుంగుబ్వే అనే చోటుంది. అక్కడ దొరికిన ఎముకలను ఎలిజబెత్ వోయిట్ అనే ఆవిడ ఓపిగ్గా పరిశీలించి 1983లో పుస్తకం రాసింది. సంతలో ఎద్దును కొనేవాడు నోరు తెరిపించి రెండు పళ్ళదా, నాలుగు పళ్ళదా అని చూస్తాడు కదా, ఈ విద్యా అలాంటిదే. కోడెదూడలు లేతగానే పోయి, ఆవులు ముసలివయ్యేదాకా బతికితే పాడి కోసం పెంచారని అనుకోవచ్చు. నిండుగా ఎదిగినవే ఎక్కువ తెగితే మాంసం కోసం. కాకపోతే లేత ఎముకలు కుక్కల పాలయ్యో, మట్టిలో కరిగిపోయో లెక్కకు రావు. గొర్రె ఎముకకూ మేక ఎముకకూ తేడా చెప్పడం నిపుణులకే తికమక.

నాకు మాత్రం వేరే సంగతి పట్టుకుంది. ఊరి నడుమ దొడ్డి, అది మగవాళ్ళ చోటు. చుట్టూ ఇళ్ళు, అవి ఆడవాళ్ళవి. పశువులిచ్చి పిల్లను చేసుకునేవారు అని థామస్ హఫ్‌మన్ వంటి పండితులు 1980ల నుంచి ఒక చిత్రం గీశారు. ఆ చిత్రానికి ఆధారం చాలావరకు పందొమ్మిది, ఇరవయ్యో శతాబ్దాల్లో అక్కడి జనం ఆచారాల గురించి రాసుకున్న సంగతులు. వెయ్యేళ్ళ కిందటా అలాగే ఉండేదని ఎలా అంటారని మరికొందరు పండితులే అడిగారు. నాకూ అదే అనుమానం. మా పుట్టింట్లో ఆవు తాతగారి పేరనే ఉండేది. తెల్లారకముందే లేచి పేడ తీసి, కుడితి పెట్టి, పాలు పితికింది మాత్రం మామ్మ. వెయ్యేళ్ళ తరవాత ఆ దొడ్డి తవ్వితే, పేడ దొరుకుతుంది, పళ్ళు దొరుకుతాయి. మామ్మ చేతులు దొరకవు.