మధుమేహం: వారసత్వం ఎంత, జీవనశైలి ఎంత?

‘నాన్నకు షుగర్ ఉంది, నాకూ తప్పదు’ అనే మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. అందులో నిజం కొంతే.

టైప్-2 మధుమేహానికి ఏదో ఒక్క జన్యువే కారణం కాదు. డీఎన్ఏలో వందల చోట్ల కనిపించే చిన్న తేడాలు ముప్పును తలా కాస్త పెంచుతాయి. వీటిలో బాగా ప్రభావం చూపేది పదో క్రోమోజోమ్‌పై ఉన్న టీసీఎఫ్7ఎల్2 జన్యువులోనిది. దీనికీ మధుమేహానికీ ఉన్న సంబంధాన్ని 2006లో ఐస్‌లాండ్ పరిశోధకులు వెల్లడించారు. భారతీయుల్లోనూ ఆ సంబంధం బలంగా ఉందని హైదరాబాద్‌లోని సీసీఎంబీ, పుణె పరిశోధకులు 2007లో చూపారు.

ఈ జన్యువులో ఒకచోట ‘సి’ అక్షరానికి బదులు ‘టి’ ఉంటుంది. అది తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వస్తే ముప్పు సుమారు 1.4 రెట్లు, ఇద్దరి నుంచీ వస్తే దాదాపు 2 రెట్లు అవుతుంది. ఇలాంటివారిలో క్లోమంలోని బీటా కణాల నుంచి ఇన్సులిన్ విడుదల తగ్గుతుంది.

అంతమాత్రాన ఇది తలరాత కాదు. మధుమేహానికి చేరువలో ఉన్నవారిపై అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. రెండు ‘టి’లు ఉన్నవారిలో మామూలుగా ముప్పు ఎక్కువగానే కనిపించింది. కానీ బరువు తగ్గి, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్న బృందంలో ఆ అదనపు ముప్పు చాలావరకు తగ్గిపోయింది.

కాబట్టి కుటుంబంలో మధుమేహం ఉందంటే భయపడాల్సిన పని లేదు; రక్తపరీక్ష, నడక కాస్త ముందే మొదలుపెట్టాలి.